అప్పుల లెక్క జనాజా దాకా ఆగాలా?

జనాజా నమాజుకు సఫ్‌లు సర్దుకున్నాక, తక్బీర్‌కు ముందు, పోయినవారి పెద్ద కొడుకో తమ్ముడో ముందుకు వచ్చి ఒక మాట ప్రకటించడం మన ఊళ్లలో ఆనవాయితీ. మా నాన్నగారు ఎవరికైనా బాకీ ఉంటే మమ్మల్ని కలవండి, లేదా మాఫ్ చేయండి అని. మంచి ఆనవాయితీయే. కానీ ఆ ప్రకటన విన్నప్పుడల్లా మాకొక ప్రశ్న కలుగుతుంది. ఒకే ఇంట్లో, ఒకే దస్తర్‌ఖాన్ మీద ఇరవై ఏళ్లు భోంచేసిన కొడుక్కి తండ్రి బాకీ ఎంతో ఎందుకు తెలియలేదు? ఊరిని అడిగి తెలుసుకోవలసిన గతి ఎందుకు పట్టింది?

దైవప్రవక్త (స) దగ్గరకు ఒక జనాజా వచ్చినప్పుడు, ఇతనికి బాకీ ఉందా అని విచారించిన సంగతి మనకు తెలుసు. రెండు దీనారాల బాకీ ఉందని తెలిసి ఆయన నమాజు చదివించడానికి ముందుకు రాలేదు. అబూ ఖతాదా (ర) ఆ రెండు దీనారాలు తన మీద వేసుకున్నాకే చదివించారు. ఈ హదీసును మన వక్తలు తరచుగా చెబుతారు. దాని తరువాయి మాత్రం తక్కువగా వినబడుతుంది. తర్వాతి కాలంలో సొమ్ము సమకూరినప్పుడు, తీర్చే తాహతు లేకుండా పోయినవారి అప్పును తీర్చే బాధ్యత ఆయనే తీసుకున్నారు. అంటే అప్పు చేసినవాడిని హెచ్చరించడంతోనే సమాజం పని పూర్తి కాదన్నమాట.

మాది అనకాపల్లి. బెల్లం మార్కెట్ మీద బతికే ఊరు. చెరకు రైతు, గానుగ దగ్గర కూలీ, మార్కెట్‌లో దిమ్మలు మోసే కళాసీ, వాటిని స్టేషన్‌కు చేర్చే బండివాడు, వీళ్లందరికీ టీ అమ్మేవాడు, బట్టలు కుట్టే దర్జీ, అందరి ఆదాయమూ సీజన్‌తో ముడిపడినదే. చలికాలం నుంచి ఉగాది దాకా చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. వానాకాలం వచ్చేసరికి గల్లాపెట్టె ఖాళీ. స్కూలు ఫీజులు కూడా సరిగ్గా జూన్‌లోనే వస్తాయి. అప్పుడు గుమ్మం ముందుకు వచ్చేవాడు రోజువారీ ఫైనాన్స్ మనిషి.

ఆ లెక్క ఒకసారి చూడండి. 10,000 రూపాయలకు కాగితం రాయించుకుని 8,500 చేతిలో పెడతాడు. రోజుకు 100 చొప్పున నూరు రోజులు కట్టాలి. పోయింది పదిహేను వందలే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తీరుతూ పోతుంది కనుక, ఆ నూరు రోజుల్లో సగటున మన దగ్గర ఉన్న సొమ్ము సుమారు 4,500 మాత్రమే. ఏటికి లెక్క కడితే నూటికి 120 రూపాయల వడ్డీ! లెక్కల మాస్టారు కాని వాళ్లం మేమే కాగితం మీద వేసి చూసుకున్నాం, మీరూ వేసి చూడండి.

ఇక్కడే మన సముదాయంలోని ఒక విచిత్రం చెప్పుకోవాలి. బ్యాంకులో పొదుపు ఖాతా తెరవండయ్యా అంటే, వడ్డీ హరామ్ కదా మౌల్వీ సాబ్ అంటారు. నిజమే, హరామే. మరి రోజువారీ ఫైనాన్స్‌వాడికి నూటికి నూట ఇరవై కట్టేటప్పుడు ఆ మాట ఎందుకు గుర్తుకు రాదు? వడ్డీ తినేవాడితో పాటు తినిపించేవాడినీ, పత్రం రాసేవాడినీ, సాక్షులనూ ప్రవక్త (స) శపించారని హదీసులో ఉంది. వడ్డీ పేరు చెప్పి మనం మానేసింది పొదుపును మాత్రమే. ఖాతాలో పడిన వడ్డీని సవాబు ఆశించకుండా పేదలకు ఇచ్చేయమని చెప్పే ఉలమాలు ఎందరో ఉన్నారు. కాబట్టి సొమ్మును భద్రంగా దాచుకోవడానికి దారి మూసుకుపోలేదు.

మరి ఈ అప్పులు దేనికి? రోగం వస్తే చేసిన అప్పును ఎవరూ తప్పు పట్టరు. మేము చూసిన అప్పుల్లో ఎక్కువ భాగం మాత్రం షాదీఖానా బిల్లులు, జహేజ్ సామాను, వలీమాలో రెండు రకాల బిర్యానీ. ఖుర్బానీకి కూడా అప్పు చేసేవారున్నారు. నిసాబ్ లేనివాడి మీద ఖుర్బానీ వాజిబ్ కాదని ఏ ఇమామును అడిగినా చెబుతారు. పక్కింటివాళ్లు ఏమనుకుంటారో అన్నదే అసలు భయం.

షాదీ మాట వచ్చింది కనుక మహర్ గురించి కూడా చెప్పాలి. నికాహ్‌నామాలో రెండు మాటలుంటాయి. వెంటనే ఇచ్చే మహర్ ఒకటి, గడువు మీద ఇచ్చేది ఇంకొకటి. ఉర్దూలో ఆ రెండు మాటలకూ రాతలో ఐన్, హమ్జాల తేడా ఉంది గానీ మన నోళ్లలో రెండూ ముఅజ్జల్ అనే పలుకుతాయి. పలుకులో కలిసిపోయినట్టే ఆచరణలోనూ కలిసిపోయి, రెండూ ఎప్పటికీ ఇవ్వని మహర్‌గా మిగిలాయి. చివరికి మంచం పట్టిన భర్త, ఏడుస్తున్న భార్యను పదిమంది ముందు మాఫ్ చేయమని అడగడం! ఆ క్షణంలో ఆమె కాదనగలదా? భార్య మహర్ కూడా బాకీయేనని, ఆస్తి పంచుకునే ముందు అది తీర్చవలసిందేనని మగపిల్లలకు నికాహ్‌కు ముందే చెప్పాలి.

మా అబ్బాజాన్ మార్కెట్‌లో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తాగా ఉండేవారు. కొట్టు లెక్కలు తెలుగులో, ఇంటి లెక్కలు ఉర్దూలో రాసేవారు. ఇంటి పుస్తకంలో రెండే గళ్లు, ఇవ్వవలసింది, రావలసింది. ప్రతి నెలా మొదటి జుమా నాడు అది అమ్మీకి చదివి వినిపించేవారు. పిల్లలం పక్కనే ఉండేవాళ్లం. ఆ అలవాటే మాకూ వచ్చింది. జీతం రాగానే రంజాన్ ఖర్చు, జూన్ ఫీజులు, ఇంటి మరమ్మతు ఏడాదికి ఎంతో చూసి, పన్నెండో వంతు పక్కన పెడతాం. మిగిలిందే నెల జీతం అనుకుంటాం. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, అల్‌బఖరా 282వ ఆయత్, అప్పును గడువుతో సహా రాసుకోవడం గురించే వచ్చింది. దానిని కంఠస్థం చేసిన హాఫిజ్‌లు మన ఊళ్లలో ఎందరో. ఇంట్లో అప్పుల పుస్తకం ఉన్నవారు ఎందరు?

పొదుపు చేసినవారికి మరో ప్రమాదం ఉంది. వడ్డీ కాదు, హలాల్ లాభం అని చెప్పి, నెలనెలా ఇంతని ఇస్తామన్న సంస్థల చేతుల్లో 2018లో హైదరాబాద్ కేంద్రంగా, 2019లో బెంగళూరులో వేలాది కుటుంబాల సొమ్ము చిక్కుకుపోయింది. అందులో ఆడపిల్లల షాదీకి దాచినదీ, హజ్‌కు దాచినదీ ఉంది. వ్యాపారంలో లాభం ఒక నెల వస్తుంది, ఒక నెల రాదు. బెల్లం ధర చూసేవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా? ప్రతి నెలా తప్పకుండా ఇంతని ఇస్తామన్నవాడు గడ్డం పెంచుకున్నా, టోపీ పెట్టుకున్నా అనుమానించవలసిందే.

అప్పిచ్చేవాడి రూపం కూడా మారుతోంది. 2010లో సూక్ష్మరుణ సంస్థల వేధింపులపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి అప్పు సెల్‌ఫోన్‌లోకి దూరింది. 2020 చివరలో తెలంగాణలో యాప్ అప్పుల వేధింపులు తాళలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అప్పు యాప్‌లు ఫోన్‌లోని పేర్ల జాబితాను, ఫొటోలను ముట్టుకోరాదని, ఏడాదికి వడ్డీ మొత్తం ఎంతో ముందే చెప్పాలని రిజర్వ్ బ్యాంక్ 2022లో నిబంధనలు పెట్టింది. మన కుర్రాళ్లకు ఈ సంగతి జుమా తర్వాత రెండు నిమిషాలు చెప్పినా చాలు.

హెచ్చరికలతో కడుపు నిండదు, నిజమే. ఖర్జె హసనా ఉండాలి. ఇది మనకు కొత్త కాదు. నిజాం కాలంలోనే హైదరాబాద్ ప్రభుత్వ శాఖల ఉద్యోగులు వడ్డీ లేని రుణ సంఘాలు నడిపిన సంగతిని డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గ్రంథస్థం చేశారు. దేవ్‌బంద్‌లో 1961లో మొదలైన ముస్లిం ఫండ్ చిన్న చిన్న జమలు తీసుకుని, నగలు కుదువ పెట్టుకుని, వడ్డీ లేకుండా అప్పులిచ్చింది. అంత పెద్ద సంస్థ మన మొహల్లాకు అక్కర్లేదు. యాభై ఇళ్లు నెలకు 200 చొప్పున వేస్తే ఏడాదికి 1,20,000 అవుతుంది. వానాకాలంలో పన్నెండు కుటుంబాలకు పదేసి వేలు సర్దవచ్చు, సీజన్ రాగానే తిరిగి తీసుకోవచ్చు. ఎవరి జమ వారిదే, చందా కాదు.

తిరిగి ఇవ్వకపోతే? ఈ ప్రశ్న దగ్గరే ఎన్నో మంచి ఆలోచనలు ఆగిపోతాయి. అందుకే మొదట చిన్న మొత్తాలు ఇవ్వాలి, కాగితం రాయించుకోవాలి, ఇద్దరు సాక్షులుండాలి. నిజంగా ఇబ్బందిలో ఉన్నవాడికి గడువు పెంచాలి, అది ఖుర్ఆన్ ఆదేశమే. ఉండీ ఎగ్గొట్టేవాడికి మరోసారి ఇవ్వకూడదు. లెక్క మస్జిద్ కమిటీ చేతిలో కాక, వేరే ముగ్గురి చేతిలో ఉంటే మేలు, వారిలో ఒకరు కుర్రవాడు కావాలి. ఆడవాళ్ల జమలకు ఆడవాళ్లే పుస్తకం రాయాలి. నెలకొకసారి జుమా తర్వాత ఎంత వచ్చింది, ఎంత వెళ్లింది, ఎంత తిరిగొచ్చింది అని చదివి వినిపించాలి, తీసుకున్నవారి పేర్లు మాత్రం చదవకూడదు.