సముద్రం విడిచే పాదరసం: సగటు గాలితో లెక్క సరిపోదు

గాలి నుండి సముద్రంలో పడిన పాదరసం అక్కడే నిలిచిపోతుందని భావించరాదు. సూర్యరశ్మి, సూక్ష్మజీవుల ప్రభావంతో పాదరస అయాన్లలో కొంత భాగం క్షయకరణం చెంది, మూలక రూపంలో తిరిగి గాలిలో కలుస్తుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2018 నివేదిక ప్రకారం 2015లో మానవ కార్యకలాపాల వలన గాలిలోకి వెలువడిన పాదరసం సుమారు 2,220 టన్నులు. సముద్రాలు ఏటా విడిచేది అంతకంటె అధికమని అంచనా. అయితే ఈ రెండవ సంఖ్యకు ప్రధాన ఆధారం గణిత నమూనాలే.

ఇందువలన ఒక చిక్కు ఏర్పడుతున్నది. 2017లో అమలులోకి వచ్చిన మినమాటా ఒప్పందం మేరకు ఉద్గారాలు తగ్గినా గాలిలోని పాదరసం వెంటనే తగ్గకపోతే, ఒప్పందం విఫలమైనదనాలా, పాత పాదరసాన్ని సముద్రం విడుస్తున్నదనాలా? సమాధానం నమూనా నాణ్యతపై ఆధారపడుతుంది.

నీటిలో కరిగిన మూలక పాదరస గాఢతకు, గాలితో సమతుల్యంలో ఉండవలసిన గాఢతకు గల భేదాన్ని బదిలీ వేగంతో గుణిస్తే ప్రవాహం లభిస్తుంది. పలు సూత్రాలలో ఈ బదిలీ వేగం గాలి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. నెలలో సగం రోజులు గాలి సెకనుకు 4 మీటర్లు, తక్కిన సగం 12 మీటర్ల వేగంతో వీచినదనుకొందాం. సగటు 8, దాని వర్గం 64. విడివిడిగా వర్గాలు కట్టి సగటు తీస్తే 80. అనగా నెలసరి సగటు వాడిన నమూనా బదిలీ వేగాన్ని ఐదవ వంతు తక్కువగా చూపుతుంది. నెలసరి వర్షపాతంతో బెట్టను అంచనా వేయబోయిన వ్యవసాయ శాస్త్రవేత్తకు ఈ ఇబ్బంది కొత్తది కాదు.

దోషం ఎల్లప్పుడూ ఒకే వైపు ఉండదు. పెనుగాలికి పైపొరలోని కరిగిన వాయువు త్వరగా తరిగిపోతుంది. ఆపై ప్రవాహాన్ని నిర్ణయించేది క్షయకరణ వేగమే. నీటి గాఢతను స్థిరమని తీసుకొన్న నమూనా అప్పుడు ఎక్కువ చూపుతుంది. రెండు దోషాలు పరస్పరం రద్దయి సరైన సంఖ్య వస్తే అది నమూనా ఘనత కాదు.

బంగాళాఖాతంలో మరింత జాగ్రత్త అవసరం. గంగా-బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణల మంచినీరు పైపొరను తేలికపరచి, లోతు నీటితో కలయికను అడ్డగిస్తుంది. ఇతర సముద్రాలలో రూపొందిన గుణకాలను ఇక్కడ గాలిని, నీటిని ఒకేసారి కొలిచి పరీక్షించిన పిదపనే వాడాలి.

వరి మడికి ఈ గుణకాలను నేరుగా వర్తింపజేయడం ఇంకా అసమంజసం. అక్కడ నీరు లోతు తక్కువ. పైరు ఎదిగేకొద్దీ వెలుతురును, గాలిని రెండింటినీ అడ్డగిస్తుంది. నిలువ నీటి అడుగున ఆక్సిజన్ లేని మట్టిలో మిథైల్ పాదరసం ఏర్పడి గింజకు చేరగలదని చైనాలోని వాన్‌షాన్ పాదరస గనుల ప్రాంతపు పరిశోధనలు చూపినవి. కావున మడి నుండి గాలిలోకి పోయే పాదరసాన్ని దుబ్బు చేసే దశలోను, పూత దశలోను వేర్వేరుగా కొలవాలి. విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసాలలో ప్రవాహపు సంఖ్యతోపాటు గాలి వేగాన్ని గంటకొకసారి తీసుకొన్నారో, నెలసరి సగటుగా తీసుకొన్నారో తప్పక పేర్కొనాలి.