ఎండ కాసిందని కొండ ఎక్కుదామా?

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, మన హాస్టళ్లలో మనాలి మాట మొదలవుతుంది. "ఏప్రిల్లో అక్కడ చక్కగా ఎండ కాస్తుందిరా, ఇంక భయమేముంది?" అంటాడొక మిత్రుడు. నా పేచీ సరిగ్గా అక్కడే. మంచు కొండల్లో వసంతకాలపు ఎండను నమ్మి వాలు ఎక్కకూడదు.

కారణం మన ఫిజిక్సు లెక్చరరు గారు చెప్పినదే. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీల ఉష్ణం కావాలి. చలికాలమంతా పేరుకున్న పొరలు ముందు సున్నా డిగ్రీలకు చేరతాయి. ఆపైన అందే వేడంతా వాటిని కరిగించడానికే. ఆ నీరు లోపలికింకి మంచు రేణువుల పట్టు సడలిస్తుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీలుంటే చరియ మొత్తం జారిపోవచ్చు. పొడి మంచుకన్నా నెమ్మదిగానే వస్తుంది గాని, బరువెక్కువ. ఆగిందంటే సిమెంటులా బిగుసుకుంటుంది. కింద చిక్కినవాణ్ణి తవ్వి తీయడానికి మిగిలేవి నిమిషాలే.

దీన్ని పసిగట్టడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. రాత్రి మబ్బు పట్టి పైపొర గడ్డకట్టలేదా? మంచుమీద వాన పడిందా? బూటు మోకాలిదాకా దిగబడుతోందా? ఉండలు వాటంతటవే దొర్లుతున్నాయా? పిడికిట పిండితే నీళ్లు కారుతున్నాయా? వీటిలో ఏది కనబడ్డా ఆ వాలు మీదా, దాని కిందా ఉండరాదు. ఎండ పొద్దున్నే తూర్పు వాలుకు, మధ్యాహ్నం దాటాక పడమటి వాలుకు తగులుతుంది. చీకటితో బయలుదేరి, ఎండ ముదరక ముందే దిగిపోవాలి.

2014 మే నెలలో మన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ముందు శిక్షణ పొందాకే. ఆ మరుసటి నెల 8న హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు, ఎగువ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. అక్కడ మంచు లేదు, నిజమే. కాని పైన ఏం జరుగుతోందో కిందివాళ్లకు తెలియకపోవడమే అక్కడా ప్రాణం తీసింది.

అందుకే మన యూనియన్‌కు నా మనవి. టూరు చందా వసూలు చేసేముందు ఈ విషయం మీద ఒక్క తరగతి పెట్టండి. స్థానిక గైడు వద్దంటే వెనక్కి తిరగాలని ముందే తీర్మానించండి. "ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చాం కదా" అనే మాట అక్కడ చెల్లదు. కొండ వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది. మనమూ ఉండాలి కదా!