గృహిణీ గోష్ఠి: బొమ్మకు గీటురాయి



ఈ నెల మాకందిన జాబులలో ఒకటి అమెరికాలోని ఓహాయో రాష్ట్రమునుండి వచ్చినది. వ్రాసిన సోదరి గుంటూరు సీమలో పుట్టి, పెండ్లియైన పిమ్మట అక్కడ కాపురము చేసికొనుచున్న ఇల్లాలు. ఆమె పొరుగున ఒంటిగా నున్న ఒక పెద్దావిడ, ఇల్లు మారుచు, పాత సామానులను ముంగిట పరచి అమ్మిరట. మన సోదరి అందులో ఒక బొమ్మల పెట్టెను 5 డాలర్లకు కొనిరి. ఇంటికి తెచ్చి విప్పగా, గోధుమవన్నె అంగీ తొడిగిన పొట్టిబొమ్మ యొకటి బయటపడినది. పదునాలుగేండ్ల కుమారుడు దానిని చూచి, "అమ్మా, ఇది వేల డాలర్లు చేయును!" అని గంతులు వేసినాడట.

సోదరి మమ్ము మూడు ప్రశ్నలడిగిరి. బొమ్మ నిజమైనదో కాదో తెలియుటెట్లు? పిల్లవాడు తన పొదుపు డబ్బుతో ఇట్టి క్రొత్తబొమ్మలు కొని, విప్పకుండ దాచెదనని పట్టుపట్టుచున్నాడు, ఒప్పుకొనవచ్చునా? బొమ్మ నిజముగా విలువైనదే యైనచో ఆ పెద్దావిడతో చెప్పవలెనా? మూడవ ప్రశ్నను ఆమె జాబు చివర, అంచున ఇరికించి వ్రాసిరి. మాకు అదియే అన్నిటికంటె పెద్దదిగా తోచినది. అయినను వరుసగానే చెప్పెదము.

బంగారమునకు గీటురాయి కలదు. పట్టుచీర కొనునప్పుడు జరీ చూతుము, అంచు చూతుము, మడత విప్పి వెలుతురునకు పట్టి చూతుము. చలనచిత్రపు బొమ్మకును ఇట్టి పరీక్షలే కలవు. అవి తెలియుటకు ముందు దాని పుట్టుక కొంచెము తెలియవలెను.

1977 మే నెలలో అమెరికాలో 'స్టార్ వార్స్' అను చిత్రము విడుదలైనది. దాని పాత్రలను బొమ్మలుగా చేయు హక్కును కెన్నర్ అను సంస్థ పొందినది. ఆ సంస్థ సోదరి యున్న ఓహాయోలోని సిన్సినాటి నగరమునందలిదే. చిత్రమునకు కలిగిన ఆదరణ చూచి పిల్లలు బొమ్మలకై ఎగబడిరి గాని, ఆ యేటి క్రిస్మస్ నాటికి బొమ్మలు సిద్ధము కాలేదు. అప్పుడు సంస్థవారు బొమ్మలు లేని అట్టకవరునే అమ్మిరి! అందులోని పత్రమును టపాలో పంపిన పిల్లలకు మరుసటి యేడు నాలుగు బొమ్మలు చేరినవి. 1978లో మొత్తము 12 బొమ్మలు అంగళ్లకు వచ్చినవి. మనిషిబొమ్మ యెత్తు సుమారు 3¾ అంగుళములు. వెల సుమారు 2 డాలర్లు.

ఆ పన్నెండింటిలో ఒకటి 'జావా'. చిత్రములో జావాలు ఎడారిలో పాత యంత్రములను ఏరి అమ్ముకొను పొట్టివారు. బొమ్మయు పొట్టిదే. మొదట దానికి వినైల్ అను ప్లాస్టిక్ అంగీ తొడిగిరి. ఇంత చిన్న బొమ్మకు తక్కినవాటితో సమానముగా వెల పెట్టినచో కొనువారికి వెలితిగా తోచునని, త్వరలోనే గుడ్డ అంగీ కుట్టించిరని చెప్పుదురు. చౌకగా కనబడుచున్నదని మానివేసిన ఆ ప్లాస్టిక్ అంగీ బొమ్మయే నేడు మిక్కిలి ప్రియమైనది. ఏలయన, అవి కొద్దికాలమే అమ్ముడుపోయినవి. సోదరి పెట్టెలో దొరికినది ఇదియే యని కుమారుని నమ్మకము.

ఇక పరీక్షలు. మొదటిది, అసలుతనము. బొమ్మ కాలి వెనుక సన్నని అక్షరములతో సంస్థ ముద్రయు, సంవత్సరమును ఉండును. అయితే ఆ సంవత్సరము హక్కు పుట్టిన సంవత్సరమే గాని, బొమ్మ తయారైన సంవత్సరము కాదు. ఇంకొక మెలిక కలదు. ముద్ర బొమ్మ దేహమునకు సాక్ష్యము చెప్పును గాని అంగీకి చెప్పదు. గుడ్డ అంగీ గల నిజమైన జావాను తీసికొని, వేరొక బొమ్మ ప్లాస్టిక్ అంగీని కత్తిరించి తొడిగి అమ్మువారు చాలమంది కలరు. కావున అంగీ అంచులను భూతద్దముతో చూడవలెను. అచ్చులో పోసిన అంచు నున్నగా నుండును. కత్తెర పడిన అంచు చెప్పకయే చెప్పును. రంగును, మందమును, చేతుల రంధ్రములను నిజమైన దానితో ప్రక్కప్రక్కన పెట్టి పోల్చవలెను.

రెండవది, సంపూర్ణత. ఈ బొమ్మల చేతిలో చిన్న తుపాకియో, కత్తియో ఉండును. పిల్లలు మొదట పోగొట్టునది దానినే. అందుచే నకిలీ ఆయుధములు విరివిగా తయారైనవి. నీటిలో వేసి తేలిన నిజమనియు, మునిగిన నకిలీ యనియు కొందరందురు. ఆ ఒక్క పరీక్షనే నమ్మరాదు.

మూడవది, స్థితి. కీళ్లు బిగిగా నున్నవా, నిలువబెట్టిన నిలుచునా, ముక్కుపైని రంగు అరిగినదా, తెల్లని ప్లాస్టిక్ పసుపెక్కినదా, పట్టుకొన్న జిగటగా నున్నదా యని చూడవలెను. లోపము కనబడినను రంగు పూయవలదు, మందులతో తెలుపు చేయవలదు. మరమ్మతు చేసిన బొమ్మకంటె అరిగిన బొమ్మయే మేలని సేకర్తల అభిప్రాయము.

నాలుగవది, అట్ట. అంగడిలో వ్రేలాడిన అట్టతో, విప్పని ప్లాస్టిక్ బుడగతో ఉన్న బొమ్మ వెల విడిబొమ్మకు అనేక రెట్లు. బుడగ పసుపెక్కకుండవలెను, నలగకుండవలెను. వెల చీటి పెరికిన గాయముండరాదు. 1979లో నాలుగు అట్టల కొనుగోలు గుర్తులు కత్తిరించి పంపిన వారికి 'బోబా ఫెట్' అను బొమ్మ ఉచితమని ప్రకటించిరి. ఎందరో పిల్లలు సంతోషముగా కత్తిరించిరి. నేడు ఆ అట్టలు లోపమున్నవిగా ఎంచబడుచున్నవి.

ఆ బొమ్మ వీపునుండి చిన్న రాకెట్టు ఎగురునట్లు మొదట ప్రకటించిరి. అంతలో వేరొక సంస్థవారి బొమ్మ రాకెట్టు గొంతున అడ్డుపడి ఒక బిడ్డ మరణించుటచే, కెన్నరువారు రాకెట్టును కదలకుండ అతికించియే పంపిరి. ఎగురు రాకెట్టు గల నమూనాలు కొన్ని మాత్రము మిగిలినవి. అట్టివాటిలో ఒకటి 2024లో వేలమునందు 5 లక్షల డాలర్లకు పైగా పలికినది. పాత బొమ్మలు ఇంటికి తెచ్చిన తల్లులు ఆ వెలను మరచినను ఆ బిడ్డను మరువరాదు. చిన్న ఆయుధములను పసివారికి అందకుండ ఉంచుడు.

ఐదవది, వెల. అమ్మువాడు అడుగు వెల వెల కాదు. ఎవరైన చెల్లించినదే వెల. ఆ స్థితిలో ఉన్న బొమ్మలే ఇటీవల ఎంతకు అమ్ముడుపోయినవో నాలుగైదు చోట్ల చూచి నిర్ణయించుకొనవలెను. రుసుము పుచ్చుకొని బొమ్మను పరీక్షించి, వందకు ఇన్ని గుణములని వేసి, గాజువంటి ప్లాస్టిక్ పెట్టెలో బంధించి యిచ్చు సంస్థలును అమెరికాలో కలవు. బొమ్మ వెల రుసుమునకు చాల మించునని తోచినప్పుడే వారి కడకు పోవుట మంచిది.

ఇక రెండవ ప్రశ్న. 1999లో ఆ చిత్రముల వరుసలో క్రొత్తది వచ్చినప్పుడు, పెద్దలు సైతము అర్ధరాత్రి వరుసలలో నిలిచి బొమ్మలు కొని, విప్పకుండ అటకలపై దాచిరి. తయారైనవి లెక్కకు మిక్కిలి; దాచినవారును అట్లే. ఏండ్లు గడచినను వాటిలో చాలవాటికి కొన్న వెలయు రాలేదు. 1978నాటి బొమ్మలు ఏల ప్రియమైనవి? పిల్లలు వాటిని ఇసుకలో పూడ్చిరి, కుక్కలు కొరికినవి, తల్లులు పారవేసిరి. అందరు పోగొట్టుకొన్నదే అరుదగును. అందరు దాచినది అరుదు కాజాలదు. కావున అబ్బాయి ఒక బొమ్మ కొని ఆడుకొనదలచినచో కొననిండు. పొదుపు డబ్బంతయు బొమ్మలలో పోయుట వలదని మా సలహా.

చివరి ప్రశ్నకు వత్తము. సోదరీ! మీరు మోసము చేయలేదు. కొన్నప్పుడు మీకును తెలియదు, ఆమెకును తెలియదు. కాని ఇప్పుడు మీకు అనుమానము కలిగినది; ఆమెకు కలుగలేదు. అంతటితో బేరము మారినదని మాకు తోచుచున్నది. పరీక్ష చేయించుటకు ముందే ఆమె కడకు పొండు. నకిలీయని తేలిన పోవునది లేదు. నిజమని తేలిన ఖర్చులు పోను మిగిలినది ఇరువురు పంచుకొనుట న్యాయమని మా అభిప్రాయము. మీరు గుర్తింపకున్న అది చెత్తబుట్టలో పడియుండెడిదే గదా!

మీ జాబులో ఇంకొక మాట వ్రాసితిరి: పెట్టెలోని వేరొక బొమ్మ చేతిపై చిన్న పంటిగాట్లు ఉన్నవని. అంగడిలో అవి లోపము. ఆ పెద్దావిడ కుమారుడు చిన్ననాడు కొరికిన గాట్లే యైనచో, ఆమెకు జావాకంటె ఆ బొమ్మయే ఎక్కువ కావచ్చును. వెళ్లునప్పుడు పెట్టె మొత్తము పట్టుకొని వెళ్లుడు. మీ అబ్బాయిని వెంట తీసికొని పొండు. మాట అతనిచేతనే చెప్పింపుడు. బొమ్మ వెల గట్టుట వాడు ఇదివరకే నేర్చినాడు. మిగిలినది మీ వెంట వచ్చి నేర్చుకొనును.

ఆ పెద్దావిడ ఏమనిరో మాకు తప్పక వ్రాయుడు. మా పాఠకురాండ్రందరును ఎదురుచూచుచుందురు.