మూడో ఫ్లాట్ తాళం ఎవరి చేతికి?

మా పెద్దనాన్నకు డెబ్బై రెండేళ్లు. ఆయన తాళాల గుత్తిలో సొంతింటి తాళం ఒక్కటే, మిగతావన్నీ డాలస్‌లో ఉన్న కొడుకు ఫ్లాట్లవి. ఏది ఎక్కడిదో తెలియడానికి ఒక్కోదానికీ దెబ్బలకు వేసే ప్లాస్టర్ చుట్టి, పెన్నుతో నంబరు రాసుకున్నారు. మొన్న మే నెలలో నిజాంపేట ఫ్లాట్ బాత్రూంలోంచి కింది ఇంట్లోకి నీళ్లు కారుతున్నాయని ఫోనొచ్చింది. లిఫ్టు పనిచేయడం లేదు. ప్లంబరు వస్తున్నా వస్తున్నా అంటూ సాయంత్రం చేశాడు. ఆ ఎండలో ఈయన నాలుగంతస్తులు రెండుసార్లు ఎక్కి దిగారు. ఆ రాత్రే కొడుకు ఫోన్ చేసి, మియాపూర్‌లో ఇంకో ఫ్లాట్ చూశానని చెప్పాడు. ఇంట్లో అందరికీ సంతోషం. నాకు కోపం వచ్చింది.

"నాన్న ఉన్నారుగా, మేనేజర్‌కి డబ్బులు దండగ" అన్న మాట మన ఇళ్లలో పొదుపుగా చెలామణి అవుతోంది. అది పొదుపు కాదు. ఒక ముసలాయన శ్రమను లెక్కలో రాయకపోవడం. ఇదే కొడుకు టెక్సస్‌లో అద్దెకిచ్చిన ఇంటికి మేనేజర్‌ని పెట్టి, నెలనెలా అద్దెలో ఎనిమిది శాతం మారుమాట లేకుండా ఇస్తున్నాడు.

ఆయన చేసే పనేమిటో చూడండి. టులెట్ బోర్డు పెట్టించాలి, వచ్చినవాళ్లకు ఇల్లు చూపించాలి, పదకొండు నెలల అగ్రిమెంటు రాయించాలి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని ఒక నెల అద్దె పట్టుకుంటే వచ్చే గొడవ పడాలి. యజమాని ఎన్నారై కాబట్టి అద్దెలో 30 శాతం, సెస్సుతో 31.2 శాతం టీడీఎస్ కోసి కట్టాల్సింది అద్దెకున్నవాళ్లే. సంగతి తెలియని కుర్రాడికి అది విడమర్చి చెప్పాల్సిందీ ఈయనే. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం ప్రాపర్టీ మేనేజర్ పనులను విడిగా రాసింది: రసీదిచ్చి అద్దె వసూలు చేయడం, మరమ్మతులు చేయించడం, అప్పుడప్పుడు ఇల్లు చూసి రావడం, నోటీసులివ్వడం. ఇవన్నీ మా పెద్దనాన్న చేస్తున్నవే. చట్టం ఉద్యోగంగా గుర్తించిన పనికి మనం పెట్టిన పేరు కాలక్షేపం. ఆయన కాలక్షేపం పొద్దున్నే పార్కులో నడక, పేపరు, ఇద్దరు స్నేహితులు. రెండో ఫ్లాట్ కొన్నాక ఆ నడక మానేశారు.

డబ్బు లెక్కే చూద్దాం. ఎనభై లక్షల ఫ్లాట్‌కి ఏడాదికి మూడు శాతం అద్దె అనుకుంటే నెలకు 20,000. అరవై లక్షల అప్పుకు 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్ల ఈఎంఐ 52,000 దాటుతుంది. అద్దె అందులో సగానికి కూడా రాదు. మేనేజర్‌కి పదో వంతిచ్చినా రెండు వేలు. నెలకు ముప్పై రెండు వేలు చేతినుంచి వేసుకోగలిగినవాడికి ఆ రెండు వేలే బరువైతే, ఆ ఫ్లాట్ కొనే స్తోమత అతనికి లేదన్నమాట. ఇన్నాళ్లూ ఆ లోటు పూడ్చింది తండ్రి మోకాళ్లు.

బయటివాడు మోసం చేస్తాడన్న భయాన్ని నేను కొట్టిపారేయను. మోసపోయినవాళ్లు నాకూ తెలుసు. దానికి దారులున్నాయి. అద్దె, అడ్వాన్సు నేరుగా యజమాని ఎన్ఆర్ఓ ఖాతాలోకే పడాలి. ఐదు వేలు దాటిన మరమ్మతుకు ముందే అనుమతి అడగాలి. ఇల్లు అప్పగించేటప్పుడూ ఖాళీ చేసేటప్పుడూ గది గదికీ ఫొటోలు తీయాలి. పవరాఫ్ అటార్నీ అవసరమైతే అద్దె పనుల వరకే రాయాలి, అమ్మే హక్కు ఇవ్వకూడదు. ఇంతా చేసి మేనేజర్ పని నచ్చకపోతే మార్చుకోవచ్చు. బావమరిదిని పెడితే లెక్క అడగడానికే నోరు రాదు, ఇక తీసేయడం ఎక్కడ?

మియాపూర్ ఫ్లాట్‌కి అడ్వాన్సు ఇంకా కట్టలేదు. డిసెంబరు సెలవుల్లో కొడుకు వస్తున్నాడు. ఈ లెక్క కాగితం మీద వేసి అతని ముందు పెడతాను. పెద్దనాన్న మాత్రం నన్ను ఊరుకోమంటున్నారు. కొత్త తాళానికని ప్లాస్టర్ ముక్క ఇప్పటికే కత్తిరించి పెట్టుకున్నారు.