చింతగింజల లెక్క

ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెప్పే నాలుగేళ్ల పాపను ఐదు చింతగింజలు ఇమ్మంటే, ఒక్కోసారి గుప్పెడు తీసి మన చేతిలో పోస్తుంది. అంకెల పేర్లు వచ్చాయి, లెక్క రాలేదు. వామనగుంటల్లో గుంటకో గింజ వదులుతూ పోవాలి. ఎన్ని గింజలుంటే అన్ని గుంటలని ముందు వేళ్లకు తెలుస్తుంది, తర్వాతే నోటికి. 14 గుంటల ఈ ఆటను ఆడపిల్లల కాలక్షేపం అన్నారే గాని గణితం అనలేదు.

పిల్లల్ని ఆడించే అంగన్‌వాడీ టీచరు పనికీ అదే గతి. ఆమెకిచ్చేది జీతం కాదట, గౌరవ వేతనమట! తూకాలు, రిజిస్టర్లు, సర్వేలు, ఇప్పుడు ఫోనులో ఎక్కించాల్సిన వివరాలు. ఇవన్నీ అయ్యాక గింజలు పరుచుకుని పిల్లల మధ్య కూర్చునే తీరిక ఏది? పూర్వ ప్రాథమిక విద్య కూడా ఆమె పనేనని గుర్తిస్తూ 2022లో సుప్రీంకోర్టు ఆమెకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. అయినా గ్రాట్యుటీ, వేతనాల పెంపు కోసం ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 2023 డిసెంబరులో సమ్మెకు దిగవలసి వచ్చింది. మరుసటి నెలలోనే ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అది అత్యవసర సేవ అని అప్పుడు గుర్తొచ్చింది కాబోలు!

అంగన్‌వాడీ కేంద్రాలకు వెళ్లే మన కార్యకర్తలను నేను కోరేది ఒకటే. గుడ్లు, పప్పు లెక్క చూసి తిరిగి రాకండి. పిల్లలు ఎంతసేపు ఆడారో, ఆ సమయాన్ని టీచరు నుంచి ఏ పని లాక్కుందో ఆమెనే అడిగి రాసుకురండి.