మన ఊరు... మన పటం

పెళ్లి శుభలేఖ వెనకవైపు ఒక్కోసారి చిన్న పటం వేస్తారు, చూసే ఉంటారు. రెండు గీతలు, ఒక బాణం గుర్తు, 'పెట్రోలు బంకు', 'రామాలయం', పక్కనే నల్లని చుక్క... అదే కల్యాణమండపం! ఊళ్లో ఎన్ని వీధులున్నా ఆ పటానికి కావలసినవి రెండే. మిగతావన్నీ వదిలేస్తేనే అది పనికొస్తుంది. కంప్యూటర్లో సొంతంగా పటం తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టడం కూడా ఇలాంటి పనే. కాకపోతే శుభలేఖ చుట్టాలకే చేరుతుంది, ఇది అవసరం ఉన్నవాళ్లందరికీ చేరుతుంది.

'గూగుల్ మ్యాప్స్ ఉండగా మనకెందుకీ శ్రమ?' అంటారా? అందులో వీధులుంటాయి, దుకాణాలుంటాయి. నిజమే. కానీ నడివేసవిలోనూ నీళ్లుండే బావి ఏదో, వాగు పొంగితే ముందు మునిగే దారి ఏదో ఆ ఊరివాళ్లకే కదా తెలిసేది!

కెన్యా రాజధాని నైరోబీలో కిబేరా అనే పెద్ద మురికివాడ ఉంది. కిక్కిరిసిన ఆ బస్తీ 2009 దాకా ఇంటర్నెట్ పటాల్లో దాదాపు ఖాళీ జాగా! ఆ ఏడాది అక్కడి కుర్రకారే జీపీఎస్ పరికరాలు పట్టుకుని సందుసందూ తిరిగారు. నీళ్లు దొరికే చోట్లు, మరుగుదొడ్లు, వైద్యశాలలు, బడులు ఒక్కొక్కటీ గుర్తించి 'ఓపెన్ స్ట్రీట్ మ్యాప్'లోకి ఎక్కించారు. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఈ ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌ని పటాల వికీపీడియా అనుకోవచ్చు. ఎవరైనా చేర్చవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడి వాలంటీర్లో ఇళ్లలో కూర్చునే ఉపగ్రహ చిత్రాలు చూస్తూ అక్కడి వీధులన్నీ ఇందులో గీశారు. సహాయక బృందాలకు అవే దారి చూపాయి. 2015 డిసెంబరులో చెన్నై వరదలప్పుడు మునిగిన రోడ్లను జనమే గుర్తించింది కూడా ఈ పటం మీదే.

ఇంతకీ, మనం ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు పటం దేనికోసమో ఒక్క వాక్యంలో రాసుకోండి. 'మా మండలంలో మంచినీళ్లు దొరికే చోట్లు'... అంతే. ఆ వాక్యంలో ఇమడనిదేదీ పటంలోకి రానివ్వొద్దు.

తర్వాత ఎక్సెల్ లాంటి దాంట్లో పట్టిక వేయండి. ఒక్కో చోటుకి ఒక్కో వరుస. పేరు, రకం, అక్షాంశం, రేఖాంశం, స్వయంగా చూసిన తేదీ. అక్షాంశ రేఖాంశాలను ఫోనులోని జీపీఎస్ చెబుతుంది. దశాంశ బిందువు తర్వాత అయిదు అంకెలు రాసుకుంటే చాలు, అయిదో అంకె విలువ సుమారు మీటరు. రెండంకెలతో ఆపేస్తే కిలోమీటరుకు పైగా లెక్క తప్పొచ్చు.

ఇక్కడే ఓ తికమక ఉంది. మామూలుగా మనం అక్షాంశం ముందు చెబుతాం. పటాలకు ఎక్కువగా వాడే 'జియోజేసన్' ఫైల్లో మాత్రం రేఖాంశం ముందుండాలి. హైదరాబాద్ అక్షాంశం సుమారు 17.4, రేఖాంశం 78.5. ఇవి తారుమారయ్యాయా... మన చార్మినార్ వెళ్లి నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ మంచుదీవుల్లో తేలుతుంది, ధ్రువపు ఎలుగుబంట్ల పక్కన!

పేర్లు తెలుగులోనే రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లో 'పాడు'కీ 'పాదు'కీ తేడా తెలియదు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఒక్కో చోటుకి తెలుగు పేరు విడిగా రాసే వీలుంది. ఎక్కించాక ఒత్తులు, గుణింతాలు సరిగా కనబడుతున్నాయో లేదో ఓసారి చూసుకోండి.

మరి పటం కింద పరిచే రోడ్లు, చెరువులు? అవి మీరు గీయక్కర్లేదు. ఇంటర్నెట్ పటం ఒకే పెద్ద బొమ్మ కాదు. గచ్చు మీద పలకల్లా పరిచిన చదరపు ముక్కలు. భూమి మొత్తం ఒకే ముక్కలో కనిపిస్తుంది. ఒక మెట్టు దగ్గరికి వెళితే అదే నాలుగు ముక్కలు, ఇంకో మెట్టుకు పదహారు. ఇలా పద్దెనిమిదో మెట్టుకు చేరేసరికి సుమారు 6,870 కోట్లు! ఇన్ని మనమెక్కడ దాస్తాం? అందుకే ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌ను నేపథ్యంగా పెట్టుకుని, దానిమీద మన వివరాలను ఒక పొరలా పరిస్తే సరి. 'యూమ్యాప్' లాంటి ఉచిత వేదికలో ఫైలు ఎక్కిస్తే లింకు వస్తుంది. దాన్ని వాట్సాప్‌లో పంచుకోవచ్చు. పటం కింద ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ పేరు మాత్రం ఉండాల్సిందే. గూగుల్‌లో చూసి ఇందులోకి కాపీ కొట్టడం కుదరదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలతో భారతీయులు పటాలు తయారుచేయడానికి ముందస్తు అనుమతుల బాదరబందీ పోయింది. సున్నితమైన ప్రాంతాల విషయంలో మాత్రం ఆంక్షలున్నాయి. దేశ సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా పటం ప్రకారమే ఉండాలి. చట్టం అడ్డు చెప్పకపోయినా పెట్టకూడనివి ఇంకొన్ని ఉన్నాయి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లు, ఆడపిల్లల హాస్టల్ గదుల వివరాలు... ఇవి ఊరికి తెలిసినా ఇంటర్నెట్‌కి తెలియక్కర్లేదు.

పటం ఎక్కించడంతో పని అయిపోలేదు. నిరుడు నీళ్లున్న బోరు ఈ ఏడు ఎండిపోవచ్చు. పటంలో మాత్రం ఇంకా నీలంరంగు చుక్కే ఉంటుంది. దాన్ని నమ్ముకుని మే నెల ఎండలో ఎవరో బిందె పట్టుకుని నడిచొస్తే? పట్టికలో తేదీకి ఓ గడి పెట్టుకోమన్నది అందుకే. ఆ తేదీ పాతబడిందంటే, మళ్లీ చెప్పులేసుకుని బయల్దేరాలన్న మాట!