ప్రథమ పురుషలో మర్యాద

లింగముల పాఠము చెప్పు తెలుగు ఉపాధ్యాయులకు ఒక అనుభవము క్రొత్తది కాదు. 'నపుంసకలింగము' అను మాట వచ్చిన తోడనే వెనుక బల్లలనుండి నవ్వు వినవచ్చును. ఆ నవ్వు వ్యాకరణమును గూర్చినది కాదు. బజారులో, రైలులో, తిరునాళ్ళలో అదే మాటను మనుష్యుల మీద విసరుట ఆ పిల్లలు విన్నారు. పాఠమును ఒక్క క్షణము ఆపి ఆ నవ్వునకు సమాధానము చెప్పవలసిన పని ఉపాధ్యాయునిది. అందుకు కావలసిన సామగ్రి వ్యాకరణముననే కలదని మా తలంపు.

సంస్కృతమున 'భార్య' స్త్రీలింగము; 'కళత్రము' నపుంసకలింగము; 'దార' శబ్దము పుంలింగము, అదియు నిత్యబహువచనము. మూడింటికిని అర్థము ఇల్లాలే. 'మిత్రము' నపుంసకమైనంత మాత్రమున స్నేహితునకు వచ్చిన కొరత లేదు. శబ్దమునకు గల లింగము వేరు, మనిషి వేరు. ఈ ఒక్క ఉదాహరణతో నవ్వు సగము తగ్గును.

తెలుగు తీరు మరియొకటి. బాలవ్యాకరణము చదివినవారు మహత్తు, మహతి, అమహత్తు అను విభాగమును ఎరుగుదురు. ఏకవచనమున స్త్రీకి వాడు క్రియయే పశువునకును, రాతికిని వాడుదుము: ఆమె వచ్చినది, ఆవు వచ్చినది, బండి వచ్చినది. ఈ లోటు బహువచనమున తీరును. పురుషులు వచ్చిరి, స్త్రీలును వచ్చిరి. 'వారు' అన్నచో ఆడ, మగ భేదము అణగిపోవును. పెద్దలను గూర్చి ఒక్కరినే 'వారు' అనుట, పేరు చివర 'గారు' చేర్చుట మనకు తరతరాల అలవాటు. 'గారు'నకు లింగము లేదు. ఒక్క వ్యక్తిని బహువచన సర్వనామముతో చెప్పవచ్చునా అని ఇంగ్లీషువారు నేడు తర్జనభర్జన పడుచున్నారు. మనకు ఆ చిక్కు లేదు.

మరియొక సంగతి. నేను, నీవు, మీరు అను మాటలకును, వాని క్రియలకును తెలుగున లింగభేదము లేదు. హిందీలో 'నేను పోవుచున్నాను' అనుటకే ఆడువారికొక రూపము, మగవారికొక రూపము. తెలుగున ఏమిరా, ఏమే వంటి పిలుపులు మానినచో, ఎదుటి మనిషితో గంటసేపు మాటలాడినను వారు ఆడయో మగయో క్రియ బయట పెట్టదు. లింగము బయటపడునది ప్రథమ పురుషయందు. అనగా ఆ మనిషి ఎదుట లేనప్పుడు, లేదా ఎదుట ఉన్నను లేనట్లే భావించి ప్రక్కవారితో చెప్పునప్పుడు. అగౌరవమంతయు సాధారణముగా అక్కడనే జరుగుచున్నది. గుంటూరునుండి మాచర్ల పోవు రైలులో హిజ్రాను 'అక్కా' అని పలుకరించి చిల్లర ఇచ్చినవారే, ఆమె పెట్టె దిగగానే 'వాడు' అందురు, 'అది' అందురు. అంతకంటె నీచమైన మాటలును అందురు.

'వాడు, అది' అనునవి మన సీమలో అమాయకపు మాటలు కావు. తలనెరసిన కూలివానిని ఆసామి ఇంటి పసిపిల్లడు 'వాడు' అనియు, అతని ఇల్లాలిని 'అది' అనియు చెప్పిన దినములు మరీ దూరపువి కావు. ఆ మెట్టునుండి 'ఆయన', 'ఆమె' అను మెట్టునకు వచ్చుటకు ఎందరో పెనుగులాడవలసి వచ్చినది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు నేడు అడుగుచున్నది ఆ మెట్టునే. గురజాలలో నలగామరాజు కొలువున మంత్రిత్వము నెరపిన నాగమ్మను పల్నాడు 'నాయకురాలు' అన్నది. మగవారి పీఠముపై స్త్రీ కూర్చున్నప్పుడు భాష తడబడలేదు. ప్రత్యయము చేర్చుకొని ముందుకు సాగినది. వీరగాథ ఆమెను ప్రతినాయికగా చూపినను ఆ మాటను మాత్రము తీసివేయలేదు.

ఇట్టి సందర్భమున బృహన్నలను ఉదాహరించుట మన ఉపాధ్యాయులకు సులువు. విరాటుని కూతునకు నాట్యగురువైన బృహన్నలయెడ ఆ కొలువు చూపిన మన్నన చెప్పదగినదే. కాని ఒక హెచ్చరిక. అర్జునునకు అది ఒక యేటి అజ్ఞాతవాసపు మరుగు. మనము చెప్పుచున్నవారికి అది వేషము కాదు. ఈ తేడా విప్పి చెప్పకున్నచో మేలుకంటె కీడే అధికము. 'వేషము' అనునదే వారిమీద విసరు రాయి గదా! కృష్ణకు ఆవలి యొడ్డున నిజాము ఏలుబడిలో 1329 ఫసలీ, అనగా 1919లో ఒక చట్టము పుట్టినది. స్త్రీల దుస్తులతో వీధిలో కనబడినను, పాడినను, ఆడినను వారంటు లేకయే పట్టుకొనుటకు అది పోలీసులకు అధికారమిచ్చినది. తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసినది 2023 జులైలో.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వీరిని మూడవ లింగముగా గుర్తించి, తామెవరో చెప్పుకొను హక్కు వారిదే అన్నది. పార్లమెంటు 2019లో చేసిన చట్టము మాటలతో హింసించుటను కూడ శిక్షింపదగిన నేరములలో చేర్చినది. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 'ఇతరులు' అను గడిలో చేరినవారు 43,769 మంది. దేశమందలి అట్టివారిలో అక్షరాస్యులు నూటికి సుమారు 46, జనసామాన్యములో 74. ఈ వ్యత్యాసమునకు కారణము పేదరిక మొక్కటే యని మేము నమ్మజాలము. హాజరుపట్టీ పిలుచునప్పటి నవ్వుకును ఇందులో భాగమున్నది. ట్రాన్స్‌జెండర్ బాలలను గూర్చి ఉపాధ్యాయులకై 2021లో ఎన్.సి.ఇ.ఆర్.టి. ఒక కరదీపిక వెలువరించి, ఆక్షేపణలు రాగా కొలది దినములకే వెనుకకు తీసికొన్నది. ఉపాధ్యాయుడు తన తెలివిమీదనే ఆధారపడవలసి వచ్చినది.

ఏ సర్వనామము వాడవలెనని ప్రశ్న. పురుషునిగా నమోదై స్త్రీగా జీవించువారు 'ఆమె'; స్త్రీగా నమోదై పురుషునిగా జీవించువారు 'ఆయన'. రెండును వలదనువారును కలరు. సందేహమైనచో మర్యాదగా వారినే అడుగవచ్చును. అంతవరకు 'వారు', 'గారు' చాలును. కాని అందరు స్త్రీలను 'ఆమె' అనుచు, తన్నును 'ఆమె' అనుడని కోరిన ఒక్కరిని మాత్రమే 'వారు' అనుట గౌరవము కాదు. అది గౌరవపు ముసుగులో కట్టిన కంచె. పండ్రెండేండ్ల పిల్లవిషయమున ఈ బహువచనము అసలే పనికిరాదు. ఏ బడిపంతులును శిష్యుని 'వారు' అనడు. అక్కడ ఆ బిడ్డ కోరిన పేరు పెట్టి పిలుచుట మేలు. వార్తలు వ్రాయువారికిని ఇది వర్తించును: స్త్రీగా బ్రదికినవారిని గూర్చి 'మృతి చెందాడు' అని వ్రాయుట తెలుగు తప్పు కాకపోవచ్చును, వార్త తప్పు.

మిగిలినది పేరు. తమిళులకు 'తిరునంగై', 'తిరునంబి' అను చక్కని మాటలు వాడుకలోనికి వచ్చినవి. తమిళమున రేవతి రచించిన ఆత్మకథను గుంటూరు సీమలో పుట్టిన పి. సత్యవతిగారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెనిగించి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారము నందినారు. హిజ్రా అను మాటను అక్కడ సిగ్గుపడక శీర్షికయందే నిలిపిరి. ఐనను హిజ్రా సంప్రదాయమునకు చెందని వారికి ఆ పేరు చెల్లదు. 'పేడి' అను ప్రాతమాట తిట్టుగా మారినది. రైలువలె, స్కూలువలె 'ట్రాన్స్‌జెండర్' కూడ తెలుగైపోవచ్చును. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతముల పలుకుబడిలో ఇందుకు తగిన గౌరవవాచకమేదైన వినిపించినచో, ఉపాధ్యాయులును విద్యార్థులును, ముఖ్యముగా ఆ పేరు మోయవలసినవారును వ్రాసి పంపిన ఈ పుటలో ప్రకటింతుము.